కొత్త వస్తువుకు కొత్త పాట

పోయిన వారం రోజారాణిని హనుమండ్లు కిరాణం ముందు నిలబెట్టి వదిలాం. బట్టల సబ్బు కోసమని పోయిన మనిషి సబ్బు చేతికి తీసుకొని, వస్తూ వస్తూ ఒక మాట అక్కడ విడిచి వచ్చింది. బడి పిల్లలు గేటు బయట కూడా దుకాణం పెట్టారని, నీకింకా తెలియదా అని. అంతకు మించి ఒక్క అక్షరం అనలేదు, అన్నది కూడా నవ్వుతూనే. కానీ ఆ మాట విత్తితే ఏం మొలుస్తుందో ఇన్నేళ్లు తుమ్మలవాగులో కాపురం చేసిన మనిషికి తెలియకపోదు.

తుమ్మలవాగులో ఏది అమ్మాలన్నా పాట పాడాలి. పాట అంటే గొంతెత్తి పాడేది కాదు, వేలం. ఏటేటా ఊరి కమిటీ కూర్చొని కిరాణం ఒకరికి, కోడికూర ఒకరికి, కల్లు ఒకరికి పాట పెడుతుంది. ఎక్కువ పాడినవాడిదే ఏడాది పొడుగునా ఆ సరుకు. ఇంకొకరు అగ్గిపెట్టె అమ్మినా కమిటీకి దండుగ కట్టాల్సిందే. ఆ పైసలతోనే గుడికి రంగులు, బోర్లకు మోటార్లు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఈ ఏడు కిరాణం పాట హనుమండ్లుది.

ఇక రోజారాణి ఆ మాట ఎందుకు అన్నదంటే, ఆమె యారాలు సృజన వల్ల.

రోజారాణి మరిది రాకేశ్ భార్య సృజన. రాకేశ్ శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేస్తాడు, రోజారాణి మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో పెద్దవాళ్లంటే అత్త కిష్టవ్వ, ఇద్దరు కోడళ్లు, ముగ్గురూ ఆడవాళ్లే. రోజారాణి చంటిపిల్లను ఒడిలో పెట్టుకొని చదివి, డీఎస్సీ రాసి, ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం సంపాదించింది. సృజన కరీంనగర్‌లో ఎమ్మే ఎకనామిక్స్ చేసి వచ్చింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, జీతం లేకున్నా సరే పదో తరగతికి అర్థశాస్త్రం పాఠాలు చెబుతానంటే హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. ఒప్పించింది రోజారాణే. ఆ సంగతే ఇప్పుడు ఆమె గొంతులో అన్నం దిగనీయడం లేదు.

మొదటి శనివారం సృజన పుస్తకం తెరవలేదు. ఇంట్లో వాడకుండా పడి ఉన్నది ఏదైనా తెమ్మన్నది. బాపులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు వాసన సబ్బులు, అత్తరు సీసాలు, ఖర్జూరం పొట్లాలు తెచ్చారు. చేను తప్ప ఇంకేమీ లేని ఇళ్ల పిల్లలు సీతాఫలాలు తెచ్చారు, ఒకడు గడ్డి బొంగులతో అల్లిన పిట్టగూడు తెచ్చాడు. మార్చుకోండి అన్నది. గంటసేపు అది బడిలాగా లేదు, జాతరలాగా ఉంది. చివర్లో, మోసపోయినోళ్లు చేతులెత్తమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. సబ్బు సబ్బుగానే ఉన్నది, పండు పండుగానే ఉన్నది, మరి ఇద్దరికీ లాభమెట్లయింది అని అడిగి, జవాబు చెప్పకుండానే గంట కొట్టించి వెళ్లిపోయింది. పిల్లలు ఆ ప్రశ్నను ఇళ్లకు మోసుకుపోయారు.

ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చున్న కిష్టవ్వ రొట్టె తిప్పుతూ జవాబు చెప్పింది. అక్కరలేనిది ఇచ్చి అక్కరున్నది తెచ్చుకున్నారు, అంతే కదా అని. చిన్నకోడలు చెప్పే చదువు నాకు సుత సమజైతున్నదని మురిసిపోయింది. పెద్దకోడలు చెప్పే చదువు గురించి ఏమీ అనలేదు. ఆ అననిదే రోజారాణికి గట్టిగా వినిపించింది.

తర్వాత నవనీత సంచి వచ్చింది. నవనీత పదో తరగతి పిల్ల, వాళ్లమ్మ పత్తి ఏరే కూలికి పోతుంది. పత్తి ఏరేవాళ్లు పాత లుంగీనో చీర ముక్కనో నడుముకు ఒడిలాగా కట్టుకుంటారు. ఒడి నిండిందంటే ముడి విప్పాలి, కుప్ప పొయ్యాలి, మళ్లీ కట్టుకోవాలి. సాయంత్రానికి నడుము విరిగిపోతుంది. ఇంకా ఎవరూ అమ్మనిది, మన ఊళ్లో ఎవరికో ఒకరికి అక్కరకొచ్చేది చేసి తెమ్మని సృజన అడిగితే, నవనీత పాత చీరతో సంచి కుట్టింది. భుజాలకు రెండు పట్టీలు, అడుగున ఒక తాడు. తాడు లాగితే అడుగు తెరుచుకొని పత్తి జారిపోతుంది, మళ్లీ బిగిస్తే మూసుకుంటుంది. వాళ్లమ్మ దాన్ని వేసుకొని చేనుకు పోయింది. తెల్లవారి కూలీల ముఠాలోని ఆడవాళ్లందరూ నాకంటే నాకని అడిగారు. తరగతి సగం కుట్టుడు మీద పడ్డది. కూలీల ఆటోలు ఆగే చోటు బడి గేటు ముందరే కాబట్టి, అమ్మకం మెల్లగా గోడ లోపలి నుంచి బయటికి జరిగింది. గోడ లోపల ఉన్నన్నాళ్లు అది పాఠం. గోడ దాటిన పొద్దున అది బేరం. ఆ తేడా సృజనకు తోచలేదు. రోజారాణికి తోచింది, సబ్బుకు పోయినప్పుడు హనుమండ్లుకు చెప్పింది.

ఆమె అనుకున్నదల్లా కమిటీవాళ్లు సృజనను పిలిచి నాలుగు మాటలంటారు, ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకొని వస్తుంది, శనివారం అంగడి బందవుతుంది అని. అంతవరకే.

తెల్లవారి ఊరి వాట్సాప్ గ్రూపులో కమిటీ పిలుపు వచ్చింది. రోజారాణి దాన్ని రెండుసార్లు చదివింది. సృజన పేరు ఎక్కడా లేదు. కిష్టవ్వ ఇల్లు అని ఉంది.

మరిచిపోయింది. ఈ ఊళ్లో దండుగ మనిషి మీద వెయ్యరు, గడప మీద వేస్తారు. తప్పు ఎవరు చేసినా కట్టేది ఇల్లు. కట్టేదాకా ఆ ఇంటికి పాలు పొయ్యరు, సరుకు ఇయ్యరు, ఆటో ఎక్కించుకోరు. ఆ గడప మీద సృజన ఒక్కతే నడవడం లేదు, తనూ నడుస్తోంది. తను విసిరిన రాయి తన పెంకు మీదనే పడ్డది. అంతకంటే భయం ఇంకొకటి ఉంది. అక్కడ హనుమండ్లు నోరు జారి ఫలానా మనిషి చెప్పింది అంటే, ఇంట్లో అత్త ముందు, బడిలో పిల్లల ముందు తను మళ్లీ తలెత్తి నిలబడలేదు.

"గడప మీద పిలుపొచ్చినంక గడపోళ్లందరు పోవుడే," అంది కిష్టవ్వ చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ. ఠాణాకు పోదామా అని సృజన అడిగితే, పోయినా తిరిగి రావాల్సింది ఈ ఊరికే కదా బిడ్డా అన్నది. దారిలో సృజన రోజారాణి మోచెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అక్కా, నువ్వు నా పక్కపొంటి ఉంటె చాలు. నాకు ఫికర్ లేదు."

రోజారాణి చెయ్యి విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

కమిటీ హాలు ముందు అప్పటికే జనం. చేనుకు పోవాల్సిన పత్తి కూలీలు కూడా ఆటోలు ఆపుకొని నిలబడ్డారు. వాళ్ల ముఠాను నడిపించే బాలవ్వ ముందువరుసలోనే గొంతుక్కూర్చొని ఉంది. నవనీత తన సంచిని చేతిలో పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడింది. కుర్చీలో కమిటీ పెద్ద బాలమల్లు. మనిషి నెమ్మదస్తుడు, ఎవరినీ కసిరి మాట్లాడడు. అయినా ఆయన మాటను దాటినవాళ్లు ఊళ్లో లేరు.

హనుమండ్లు తన గోడు చెప్పుకున్నాడు. పాట పాడి ఊరికి పైసలు కట్టింది తను. రేపు సంచులు అమ్మినవాళ్లు ఎల్లుండి సబ్బులు అమ్మరని ఏమిటి నమ్మకం. పిల్లల చేత అమ్మించినా అమ్మకం అమ్మకమే. ఎవరు చెప్పారో మాత్రం ఎత్తలేదు. రోజారాణి ఊపిరి వదిలింది.

బాలమల్లు సృజన వైపు తిరిగి, చదువుకున్న పిల్లవు, ఊరి కట్టుబాటు నీకు తెలియదా అని అడిగాడు. సృజన తడబడలేదు. పిల్లలు ఊరికి నష్టం చెయ్యలేదని, హనుమండ్లు దుకాణంలో దొరకనిదే అమ్మారని, దానివల్ల ఈ ఆడవాళ్ల నడుములు కొంచెం తెరిపిన పడ్డాయని చెప్పింది. కూలీల్లోంచి అవునన్నట్టు గొణుగుడు వినిపించింది. ఆ గొణుగుడు రోజారాణికి కూడా వినిపించింది. తప్పు చేసి నిలబడ్డ చోట కూడా ఈ పిల్లకు మెప్పేనా? తను ఇన్నేళ్లు గొంతు చించుకొని చెప్పిన పాఠానికి ఏ తల్లయినా ఇట్లా తలూపిందా?

"అయితె మీ పుస్తకాల ఏమున్నదో చెప్పుండ్రి," అన్నాడు బాలమల్లు. "అమ్ముకునేటందుకు అందరికి హక్కున్నదా, పాట పాడినోనికేనా?"

సృజన నోరు తెరిచేలోపు గోడ దగ్గర నుంచి నవనీత అందుకుంది.

"ప్రతి పౌరునికీ తనకు నచ్చిన వృత్తిని... వ్యాపారాన్ని... వాణిజ్యాన్ని చేపట్టే స్వేచ్ఛ కలదు. రాజ్యాంగం, పంతొమ్మిదో అధికరణం."

రోజారాణి తలెత్తి పిల్ల వైపు చూసింది. ఆ విరుపులు తనవి. వృత్తిని దగ్గర ఆగడం, వ్యాపారాన్ని దగ్గర గొంతు లేపడం, ఆఖరికి అధికరణం అని అడుగుకు దించడం, అన్నీ తనవే. స్కేలుతో బల్ల మీద తాళం వేస్తూ ఏటేటా ప్రతి తరగతి చేత పలికించింది తను. ఊరంతా నిశ్శబ్దంగా వింటున్న ఆ ముక్క తనది. సిగ్గుపడుతూనే ఆమె కొంచెం నిటారుగా నిలబడింది.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా నీకు?" అని అడిగాడు బాలమల్లు.

"రోజారాణి మేడం నేర్పింది," అన్నది నవనీత. పిల్లలకు కల్లాకపటం తెలియదు కాబట్టి అక్కడితో ఆగలేదు. "గని అది మన ఊర్ల సుత పనిచేస్తదని చెప్పింది సృజన టీచర్."

ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్ల తెలివికి మురిసిన నవ్వు. సృజన వెంటనే, నాదేమీ లేదు, అంతా అక్క చెప్పిందే అని సర్దబోయింది. అట్లా సర్దినందుకు రోజారాణికి ఇంకా మండింది. లాక్కున్నా బాగుండేది. తన సొమ్మును తనకే దానం చేస్తున్నట్టు ఇయ్యడమే భరించలేకపోయింది.

బాలమల్లు గడ్డం నిమురుకుంటూ సంచిని తెప్పించుకొని తాడు లాగి చూశాడు, మళ్లీ బిగించి చూసి పిల్లకు తిరిగి ఇచ్చాడు. పక్కవాళ్లతో గుసగుసలాడాడు. తర్వాత చెప్పిన తీర్పు ఎవరూ అనుకోనిది. ఇది కిరాణం కాదు. బట్టల దుకాణం సరుకూ కాదు. ఇట్లాంటిది ఈ ఊళ్లో ఇంతకు ముందు లేదు, కాబట్టి హనుమండ్లు పాటలోకి రాదు. దండుగ అక్కరలేదు. సృజన ముఖం విచ్చుకుంది. ఆ విచ్చుకోవడం పూర్తి కాకముందే ఆయన మాట ముగించాడు.

"కొత్త వస్తువుకు కొత్త పాట. ఇప్పుడే పెడదం. పాడినోల్లు తప్ప ఇంకెవ్వరు ఒడి సంచి అమ్మద్దు."

హనుమండ్లు ఆలస్యం చెయ్యలేదు. ఒక మాట పాడాడు. పెద్ద మాటేమీ కాదు, పోటీ రాదన్న ధీమాతో పాడిన మాట. ఒకటోసారి అన్నాడు బాలమల్లు.

జనం సృజన వైపు చూశారు. కిష్టవ్వ కూడా కోడలి చెవిలో, పాడు బిడ్డా, ఇంట్లో ఉన్నదేదో ఉన్నది అన్నది. సృజన తల అడ్డంగా ఊపింది.

"నేను పాడ, అత్తమ్మా. పాడితె అమ్ముకునే హక్కు వీళ్ల చేతుల ఉన్నదని ఒప్పుకున్నట్టే. పిల్లలకు ఒకటి చెప్పి నేను ఇంకోటి ఎట్ల చేస్త?"

బాలవ్వ తలెత్తి సృజనను చూసిన చూపు రోజారాణి చూసింది. ఆడపిల్లలు పెండ్లిలో నగలను చూసే చూపు కాదది, పంట చేతికొచ్చిన పొలాన్ని చూసే చూపు. ఓడిపోతూ కూడా ఈ పిల్లే గెలుస్తోంది. సంచి హనుమండ్లుకు పోతుంది, నవనీత చేతిలో ఏమీ మిగలదు, అయినా సాయంత్రం దాకా ఊరంతా సృజన మాటలే చెప్పుకుంటారు. అదే ఆ కాసేపట్లో రోజారాణికి కనిపించిందంతా. న్యాయం కనిపించలేదు, నవనీత కనిపించలేదు.

రెండోసారి అన్నాడు బాలమల్లు.

"నేను పాడుతున్న," అన్నది రోజారాణి.

హనుమండ్లు చెప్పినదానికి రెట్టింపు చెప్పింది. తన గొంతే తనకు పరాయిదిలా వినిపించింది. సృజన చేతి వేళ్లు మోచేతి మీద బిగుసుకున్నాయి, వద్దక్కా అన్నట్టు. రోజారాణి వాటిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. కూలీల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఇంటి పరువు కోసం, యారాలి కోసం, పిల్ల కోసం పెద్దకోడలు ముందుకొచ్చిందని వాళ్లనుకున్నారు. కిష్టవ్వ కళ్లు తుడుచుకుంది. ఇన్ని నెలల తర్వాత అందరి చూపులూ తన మీదికి వచ్చాయి. ఎండాకాలం చల్లటి నీళ్లు తాగినట్టుగా ఉంది రోజారాణికి.

హనుమండ్లు ముఖం మాడిపోయింది. ఇంకో మాట పెంచుదామని చూశాడు. టీచరు జీతం, మస్కట్ పైసలు గుర్తొచ్చి ఆగాడు. ఆగిన కోపం ఇంకోవైపు నుంచి బయటపడ్డది.

"శబాష్ టీచరమ్మా. నా దుకాణం కాడికొచ్చి పిల్లలు గేటు బయట అమ్ముతున్నరని నా చెవిలేసింది నువ్వే. ఇప్పుడు పాట పాడి గుంజుకునేది సుత నువ్వే. నేనేం యాపారిని, నువ్వు గద యాపారివి."

చప్పట్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

రోజారాణి కాదని అనొచ్చు. కిరాణం హనుమండ్లు మాట మీద, అందులోనూ ఓడిపోయి అక్కసుతో అన్న మాట మీద, టీచరమ్మ మాటను ఎవరైనా నమ్ముతారు. ఆ కాదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే సృజన ఆమె ముందుకు వచ్చి నిలబడింది. కోపంగా లేదు. కాదంటుందని ఎదురుచూస్తోంది. కాదంటే చాలు, వెంటనే నమ్మేసేలా ఉంది.

"నిజమేనా అక్కా?"

ఆ నమ్మకం చూసేసరికి రోజారాణికి మళ్లీ అదే మంట. ఈ మంచితనం కూడా తనకు లేనిదే. దీన్ని మోసం చేసి గెలిచినా అది గెలుపు కాదు, ఈ పిల్ల దయ మీద బతకడమే అవుతుంది.

"నిజమే," అంది.

కిష్టవ్వ పెద్దకోడలి పక్క నుంచి దూరం జరిగింది. సృజన కొంగు భుజం చుట్టూ కప్పుకొని ఇంటివైపు కాకుండా బస్టాండు వైపు తిరిగింది.

బాలమల్లుకు ఇళ్లల్లో గొడవలతో పనిలేదు. అవన్నీ ఇంటి కాడ చూసుకోండ్రి అంటూ మూడోసారి కూడా అనేసి, పాట రోజారాణి పేరు మీద కొట్టేశాడు. కట్టుబాటు ఇంకోసారి గుర్తు చేశాడు. వచ్చే పాట దాకా ఊళ్లో ఒడి సంచి అమ్మే హక్కు ఆమె ఒక్కదానిదే. ఆమెను అడగకుండా ఎవరు కుట్టి అమ్మినా, ఆ పిల్ల నవనీత అయినా సరే, వాళ్ల గడపను కమిటీ ముందు పెట్టాల్సిన బాధ్యత కూడా ఆమెదే. పెట్టకపోతే దండుగ ఆమె గడపకు.

జనం కదిలారు. ఆటోలు స్టార్టయ్యాయి. బాలవ్వ మాత్రం మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, రోజారాణి దగ్గరికి వచ్చింది. చేనుకు పొద్దెక్కుతోంది, ముఠాలో సగం మందికి ఇంకా సంచులు లేవు. ఎవరు ఎవరికి ఏం చేశారన్నది సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

"ఇగ ధర చెప్పేది నువ్వే గద టీచరమ్మా," అన్నది. "ఒక్కో సంచి ఎంతకిస్తవ్?"

అందులో ఎంత బట్ట పడుతుందో, ఎన్ని కుట్లు పడతాయో, ఒకటి కుట్టడానికి ఎంతసేపు పడుతుందో రోజారాణి ఎప్పుడూ అడగలేదు. అది తెలిసిన పిల్ల కోసం గోడ వైపు చూసింది. నవనీత అక్కడ లేదు. సంచిని ఛాతీకి అదుముకొని, సృజన వెనకాలే బస్టాండు వైపు పరుగెత్తుతోంది.